కొత్త వీల్స్ వేసినంక స్టీరింగ్ అదురుతుందా? టై రాడ్ జోలికి పోకుండ్రి

పొద్దున కొత్త అలాయ్‌లు, కొత్త టైర్లు వేయించి, మధ్యాహ్నం హన్మకొండ నుంచి హైదరాబాద్ రోడ్డెక్కి 80 దాటంగనే స్టీరింగ్ చేతుల్ల అదురుతది. షాపుకు మళ్లి పోతే మొదటి మాట "అలైన్‌మెంట్ చూద్దాం అన్నా". అది చేసినా పోకపోతే రెండో మాట "టై రాడ్ ఎండ్ కొట్టేసింది, మార్చాలె". టై రాడ్ అంటే స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే కడ్డీ. నిన్నటి దాక నిమ్మలంగ పోయిన బండి ఇది. ఇయ్యాల మారింది నాలుగు చక్రాలే. దొంగ కండ్ల ముందట కూసుంటే ఇంకో ఇంట్ల సోదా చేసుడేంది?

అలైన్‌మెంట్ అంటే చక్రం ఏ దిక్కు చూస్తున్నదనే లెక్క. అది తప్పితే బండి ఒక పక్కకు గుంజుతది, సీదా రోడ్డు మీద స్టీరింగ్ వంకరగ నిలబడ్తది, టైరు ఒక అంచుకే అరుగుతది. అంతేగాని అదరదు. టై రాడ్ల ఆట ఉంటే ఉన్న అదురును పెద్దగ చేస్తది, మాములుగ అయితే అదే పుట్టియ్యదు. బ్యాలెన్సింగ్ అంటే వేరే, రిమ్ముకు చిన్న వెయిట్లు అంటించి చక్రం చుట్టూ బరువు సమానం చేసుడు. మన దగ్గర షాపుల బోర్డుల మీద అలైన్‌మెంటూ బ్యాలెన్సింగూ ఒక్క మాట లెక్క రాసి రాసి, రెండూ ఒకటే అనుకునే కాడికి వచ్చింది.

ఈ అదురు ఊర్ల హంటర్ రోడ్డు మీద తిరిగేటప్పుడు తెలువదు, జనగామ దిక్కు హైవే మీద పోతుంటేనే తెలుస్తది, ఎందుకో చూడుండ్రి. స్విఫ్ట్‌కు వచ్చే 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత దగ్గరదగ్గర 195 సెంటీమీటర్లు. 100 వేగంల అది సెకనుకు 14 చుట్లు తిరుగుతది. రిమ్ముకు ఒక దిక్కు 20 గ్రాములు ఎక్కువుంటే, ఆ వేగంల మూడు కిలోలకు పైన బలంతోటి చక్రాన్ని గుంజుతది, చుట్టుకు ఒకసారి. 50 వేగంల అదే బలం నాలుగో వంతే. అందుకే బ్యాలెన్సింగ్ తేడా 80 నుంచి 110 నడుమ కనపడ్తది. 20, 30 వేగంలనే బండి ఊగుతుంటే అది బ్యాలెన్సింగ్ కాదు. రిమ్ము వంకరన్నా ఉండాలె, టైరు గుండ్రం తప్పన్నా ఉండాలె, బీడ్, అంటే రిమ్ముల కూసునే టైరు అంచు, సరిగ కూసోకన్న ఉండాలె.

అదురు ఎక్కడ, ఎప్పుడు వస్తుందో ముందు పట్టుకోవాలె. స్టీరింగ్‌ల అయితే ముందు చక్రాలు, సీటు కింద అయితే ఎనక చక్రాలు. బ్రేకు తొక్కితేనే వస్తే డిస్కులు. యాక్సిలరేటర్ తొక్కితేనే వచ్చి, వదిలేస్తే పోతే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు. 90 మీద క్లచ్ తొక్కినా అట్లనే ఉంటే ఇంజిన్ తప్పు కాదు. రఘునాథపల్లి అటుఇటు నాలుగు లైన్ల రోడ్డు ఖాళీగ ఉన్నప్పుడు ఐదు నిమిషాలల్ల ఇది తేలిపోతది. తర్వాత ముందు రెండు చక్రాలు ఇప్పి పాతయి ఎక్కించి ఇంకోసారి పోయి చూడాలె. అదురు పోయిందా, ఇగ టై రాడ్ ముచ్చట బంద్. పాత చక్రాలను ఆ రోజే ఎక్స్చేంజికి ఇయ్యొద్దనేది అందుకే.

ఇగ అసలు కత హబ్బు కాడ, అంటే బండికి చక్రాన్ని బిగించే కాడ. స్విఫ్ట్, బలేనో, ఐ20 అసొంటి బండ్లకు హబ్బు నడుమ బయటికి ఉబ్బిన గుండ్రం అడ్డం 54.1 మిల్లీమీటర్లు. కంపెనీ రిమ్ము రంధ్రం కూడా అంతే ఉంటది, అతికినట్టు కూసుంటది. బయట దొరికే అలాయ్‌లు అన్ని బండ్లకు పట్టాలని 67.1కో 73.1కో కోస్తరు. 73.1 అయితే చుట్టూ 9.5 మిల్లీమీటర్ల సందు. చక్రాన్ని నడుమ నిలబెట్టేది ఇగ నాలుగు నట్లే. నట్లు బిగించే గన్నుతోటి మొదటి నట్టునే గట్టిగ కొట్టిండంటే చక్రం అటు దిక్కు జరిగి అక్కడనే బిగుసుకుంటది. అర మిల్లీమీటరే కదా అనుకోవద్దు. 17 కిలోల చక్రం నడుమ నుంచి అర మిల్లీమీటరు జరిగితే రిమ్ముకు 40 గ్రాముల ముద్ద అంటించినట్టే లెక్క. పైగా బ్యాలెన్సింగ్ మిషన్ ఇది చూపియ్యదు. మిషన్ మీద చక్రం, నడుమ రంధ్రంల దూరే కోన్ పట్టుకొని నడుమనే నిలబడ్తది, అక్కడ సున్నా సున్నా వస్తది. బండి మీద మల్ల అదే అదురు. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదంటే నూటికి తొంబై పాళ్లు ఇక్కడనే చూడాలె, అది నా లెక్క.

మందు హబ్ రింగు, ఆ సందును నింపే రింగు. బయట 73.1, లోపల 54.1, లేకపోతే మీ రిమ్ముకు, మీ హబ్బుకు వెర్నియర్ పెట్టి కొలిచిన సైజు. అందాజ మీద కొనొద్దు. ప్లాస్టిక్ది బ్రేకు వేడికి మెత్తబడొచ్చు. అల్యూమినియంది గట్టిదే గని తుప్పుకు అతుక్కుపోతది, పలుచగ గ్రీజు రాసి పెట్టాలె.

నట్లు ఇంకో తలనొప్పి. మారుతికి 12 మిల్లీమీటర్ల స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) మీద మర మరకు 1.25 మిల్లీమీటర్ల దూరం, హ్యుందాయ్‌కి 1.5. డబ్బల చేయి పెట్టి దొరికింది ఎక్కిస్తే స్టడ్డు పోతది. హోండా కంపెనీ నట్లకు మూతి గుండ్రంగ ఉంటది, టొయోటా కంపెనీ అలాయ్ నట్లకు వాషర్ తోటి చదునుగ ఉంటది. బయటి అలాయ్‌లకు కోను మూతి కావాలె. పాత నట్లే తెచ్చి బిగిస్తే పైకి గట్టిగనే ఉన్నట్టుంటది, లోపల అంచు మీదనే ఆనుతది. నట్టు కోను మూతికి మార్కర్ రంగు పూసి బిగించి ఇప్పి చూడుండ్రి, రంగు చుట్టూ సమానంగ చెరిగిపోవాలె. 1.25 మరల నట్టు చేతితోటే పది చుట్లన్నా ఎక్కాలె, తక్కువ ఎక్కితే ఆ రిమ్ము మీ బండికి వద్దే వద్దు.

బిగించే పద్ధతి: హబ్బు ముఖం, డిస్కు ముఖం వైర్ బ్రష్‌తోటి గీకి తుప్పు, పెయింటు పెచ్చులు తీసేయాలె. చక్రం గాలిల ఉండంగనే నట్లన్నీ చేతితోటి ఎక్కించి, చక్రాన్ని జర ఊపుకుంట ఎదురెదురుగ సగం బిగించాలె. జాకీ దించినంక టార్క్ రెంచ్‌తోటి పూర్తి చేయాలె. చిన్న బండ్లకు మాములుగ 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల నడుమ ఉంటది, అసలు అంకె మీ బండి మాన్యువల్‌ల ఉంటది. 50, 100 కిలోమీటర్లకు ఇంకోసారి చూడాలె. గన్నుతోటి ఎట్లబడితే అట్ల కొట్టిన నట్ల ఫలితం కొన్ని వేల కిలోమీటర్లకు బ్రేకు తొక్కినప్పుడు డిస్కు కొట్టుకునుడుగ కూడా బయటపడ్తది, అప్పుడు డిస్కులు అమ్ముతరు.

బ్యాలెన్సింగ్ కాడ నిలబడి చూడుండ్రి, సిగ్గుపడొద్దు. రిమ్ము లోపల పాత వెయిట్లు, మట్టి గీకేసిండా? పరకాల, నర్సంపేట దిక్కు వానకాలం పత్తి చేన్ల బాటల తిరిగిన బండికి లోపల రేగడి ఎండి అతుక్కుంటే ఎంత చేసినా వేస్టే. మిషన్ కోను రిమ్ము లోపలి దిక్కు నుంచి పెట్టిండా? సున్నా వచ్చినంక చక్రాన్ని ఒదులు చేసి, మిషన్ మీదనే సగం చుట్టు తిప్పి, మళ్ల బిగించి తిప్పమనుండ్రి. పది గ్రాములు దాటి తేడా వస్తే మొదలే సరిగ కూసోలేదు. ఒక్క దిక్కే 80, 100 గ్రాములు అడుగుతుంటే వెయిట్లు వరుసగ అంటించుడు ఆపి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కియ్యాలె. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది గాలి వాల్వు కాడికి రావాలె. ఇంకోటి, టైరు సబ్బు నీళ్లు పెట్టి ఎక్కిస్తరు కదా. ఆ తడి ఆరక ముందే గట్టిగ బ్రేకు కొడితే టైరు రిమ్ము మీద జారి బ్యాలెన్సింగ్ అంతా పోతది. ఒక రోజు మెల్లగ నడుపుండ్రి.

ఇవన్నీ అయినా అదురుతుంటే టైరో రిమ్మో గుండ్రం తప్పినట్టే. రిమ్ము అంచు పక్కన టైరు మీద సన్నటి గీత చుట్టూ పోతది, రిమ్ముకు దానికి నడుమ దూరం అంతటా ఒక్కటే ఉండాలె. ఒకచోట లోపలికి పోతే బీడ్ కూసోలేదు, గాలి దించి సబ్బు నీళ్లతోటి మల్ల ఎక్కియ్యాలె. గీత మంచిగుంటే బండిని స్టాండు మీద ఎత్తి, టైరుకు దగ్గర ఒక పుల్ల కదలకుండ పెట్టి చేతితోటి మెల్లగ తిప్పుండ్రి. సందు ఒక మిల్లీమీటరుకు మించి పెరిగి తగ్గుతుంటే, రిమ్ము అంచు మీద కూడా అట్లనే పుల్ల పెట్టి చూడాలె. రిమ్ము సీదగ ఉండి టైరే ఎత్తుంటే టైరు తప్పు. ఎత్తున్న చోట చాక్‌పీస్‌తోటి గీత గీసి, వీడియో తీసి, టైరు మీద వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు రాసుకొని, బిల్లు పట్టుకొని కంపెనీ డీలర్ కాడికి పోవాలె, టైరు ఇంకా కొత్తగున్నప్పుడే.