‘ఆఖరి రోజు’ సేల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సేల్ గారి దివ్యసముఖానికి, నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీకిదే ఆఖరి రోజని పొద్దున్నే మెసేజ్ వచ్చింది. పోయిన వారం కూడా ఇదే మాట. ఇన్ని ఆఖరి ఘడియలు దాటుకుని బతికి బట్టకట్టింది లోకంలో మీరొక్కరే.

మీ దయ వల్ల మా బీరువాల తలుపులు మూసుకోవడం లేదు. అయినా ఎక్కడికైనా బయల్దేరాలంటే ‘వేసుకోవడానికి ఏమీ లేవు’ అనే మాటే ముందొస్తోంది. కళ్లెదుట గుట్ట ఉన్నా లేనట్టు చూపించే ఆ కనికట్టు మీకే చెల్లింది.

మీరిచ్చిన చొక్కా ఒకటి తీరిగ్గా తిరగేసి చూశాను. కుట్టు లోపల గుడ్డ గోరంత కూడా వదల్లేదు. రేపు కాస్త ఒళ్లు చేస్తే వదులు చేయించుకునే దారి లేదు. గుండీని పట్టుకుని ఉన్నది దారం కాదు, దైవకృప. టీషర్టు సంగతి సరేసరి, రెండు ఉతుకులకే పక్క కుట్టు మెలితిరిగి పొట్ట మీదకొచ్చి కూర్చుంది. దర్జీకి చూపిస్తే నవ్వాడు. బాగుచేయడానికయ్యే ఖర్చు కొన్న ధర కంటే ఎక్కువట! దీన్ని లోపమనుకునేవాళ్లు అమాయకులు. బాగు చేయించుకోవడం కంటే కొత్తది కొనడమే చవకయ్యేలా చూడటంలోనే ఉంది మీ తెలివంతా.

ఇంత చవకగా ఎలా ఇస్తున్నారో కూడా కాస్త ఆరా తీశాం. 2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లో, ఢాకా దగ్గరి సావర్‌లో రానా ప్లాజా భవనానికి పగుళ్లొచ్చాయి. కింద ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రప్పించారు. భవనం కూలి 1,134 మంది చనిపోయారు. వాళ్లు కుడుతున్నవి విదేశీ బ్రాండ్ల ఆర్డర్లు, గడువు దాటకూడదు కదా. డిస్కౌంటు ఎంతో పెద్దక్షరాల్లో వేస్తారు మీరు. అది ఎవరి కూలిలోంచి కోసిందో వేయడానికి బిల్లులో చోటు చాలలేదు కాబోలు.

పోనీ, పాతబడ్డాక ఏమవుతాయంటే, చిలీలోని అటకామా ఎడారిలో గుట్టలుగా పడున్నాయి. చాలావరకు పాలియెస్టర్, అంటే పెట్రోలియంలోంచి పుట్టిన సరుకు. అది మట్టిలో కలిసే రకం కాదు, ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగుల్ని నీళ్లలోకి వదులుతుంది కూడా. ‘పాతవి మా పెట్టెలో వేయండి, రీసైకిల్ చేస్తాం’ అన్న మీ బోర్డు చూసి మురిసిపోయాం. తీరా చూస్తే, బట్టల తయారీకి వాడే సరుకులో మళ్లీ కొత్త బట్టగా మారేది 1 శాతం కంటే తక్కువ. నూలు, పాలియెస్టర్ కలిపి నేసిన గుడ్డను విడదీయడం కష్టం. చీల్చితే పోగు పొట్టిదై బలం పోతుంది. పెట్టెలో వేసినందుకు మీరిచ్చే కూపన్ మాత్రం గట్టిది, మళ్లీ మీ గుమ్మం దాకా లాక్కొస్తుంది.

ఇక అసలు విషయం. మావాళ్ల నడవడి ఈ మధ్య బాగా చెడింది, మీకు ముందే చెప్పడం మర్యాద. ఒకావిడ ఒకే డ్రెస్ వరుసగా ప్రతి ఫంక్షన్‌కీ వేసుకొస్తోంది, పైగా ఫొటోల్లో ముందు వరుసలో నిలబడుతోంది. చూసి ఎవరూ స్పృహ తప్పలేదు. పిల్లలకు పొట్టయిన బట్టలు ఇంటి నుంచి ఇంటికి చేతులు మారుతున్నాయి. ఒకాయన రిటైరయ్యాక కుట్టుపని నేర్చుకుని, ‘ఊడిన గుండీలున్నాయా?’ అని అందరి వెంటా పడుతున్నాడు (ఆయన కుట్టినవి కాస్త వంకరే, మొహమాటానికి ఎవరూ అనరు). కొనేవాళ్లు కూడా గుడ్డను వెలుతురుకెత్తి చూసి, కుట్టు లాగి చూసి, ‘దీన్ని 30 సార్లయినా వేసుకుంటానా?’ అని లెక్కలేసుకుని, చాలాసార్లు ఉత్తచేతుల్తో తిరిగొస్తున్నారు. ఆ ఉత్తచేతులు చూసి మీకెంత టెన్షన్ వస్తుందో ఊహించగలను.

నా భయమల్లా ఒక్కటే. ఈ సంగతి తెలియగానే మీరు ‘నిదానమే ప్రధానం మెగా సేల్’ పెట్టేస్తారు. పర్యావరణహిత చొక్కా రెండు కొంటే మూడోది ఉచితం, ఈ ఒక్కరోజే. దయచేసి ఆ మెసేజ్ మాత్రం పంపకండి. మాలో ఇంకా మనసు గట్టిపడనివాళ్లు చాలామందే ఉన్నారు.

ఇట్లు,
మీ నంబరు బ్లాక్ చేయబోతున్న
ఒక పాత ఖాతాదారు