పేరు రైతుది, పొద్దు పట్నానిది

అమెరికాలో మళ్లీ గడియారం ముల్లు తిప్పారు. సాయంత్రం వెలుతురు కలిసొచ్చేలా వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే ఈ పద్ధతిని వేసవి వేళ (డేలైట్ సేవింగ్ టైమ్) అంటారు. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు కొట్టాల్సిన గడియారం మూడు కొట్టింది. నవంబరు మొదటి ఆదివారం దాకా ఇదే లెక్క. ఏటా జరిగే తంతే కాబట్టి దాని గురించి కొత్తగా చెప్పుకోవాల్సింది లేదు. దాని తోక పట్టుకుని ఏటా వచ్చే అబద్ధం గురించే మా బాధంతా. ఇదంతా రైతుల కోసమట! డాలస్‌లో ఉన్న కొడుకు ఊళ్లో నాన్నకు ఫోన్ చేసి "ఇకనుంచి మీకు ఎనిమిదిన్నరకు కాదు, ఏడున్నరకే చేస్తా నాన్నా, ఇక్కడ రైతుల కోసం టైము మార్చారు" అంటాడు. ఆ నాన్న రైతే. పొద్దున్నే గేదె పాలు పిండి, పాల కేంద్రంలో పోసి వచ్చి కూర్చున్న మనిషి. గడియారం మారిస్తే రైతుకేం ఒరుగుతుందో ఆయనకు అర్థం కాదు. ఆయనకే కాదు, అమెరికా రైతుకూ అర్థం కాలేదు. నూరేళ్ల కిందటే ఆ మాట గట్టిగా చెప్పాడు కూడా.

మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు పొదుపు పేరిట 1916లో జర్మనీ ఈ పని మొదలుపెట్టింది. అమెరికా 1918 మార్చిలో చట్టం చేసింది. దాని వెనుక తిరిగింది బోస్టన్ వాణిజ్య మండలి, పెద్ద పెద్ద బట్టల దుకాణాల యజమానులు. సాయంత్రం ఆఫీసు వదిలాక ఇంకా వెలుతురుంటే జనం బజారుకు వస్తారన్నది వాళ్ల లెక్క. పల్లెలు మండిపడ్డాయి. యుద్ధం ముగిసిందో లేదో రద్దు చేయమని అక్కడి చట్టసభ కాంగ్రెస్ మెడ మీద కూర్చున్నాయి. వ్యవసాయ శాఖ నిధుల బిల్లుకు ఈ రద్దును తోకలా తగిలించి పంపితే అధ్యక్షుడు విల్సన్ వీటో చేశాడు. విడిగా బిల్లు పెడితే దాన్నీ వీటో చేశాడు. 1919 ఆగస్టులో ఉభయ సభలూ ఆ వీటోను తోసిపుచ్చి చట్టాన్ని రద్దు చేశాయి. అధ్యక్షుణ్ని ఎదిరించి మరీ వదిలించుకున్న దాన్ని, అది మళ్లీ తిరిగొచ్చాక, తానే కోరుకున్నట్టు రైతు ఖాతాలో రాశారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

రైతు ఎందుకు వద్దన్నాడో ఈ చర్చల్లో ఎవరూ అడగరు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

పాడి సంగతే తీసుకోండి. రెండు పూటలా పితికే ఆవుకు పితుకుకూ పితుకుకూ మధ్య 12 గంటలు ఉండాలి. దాని ఒళ్లే దాని గడియారం. వేళకు పొదుగు నిండుతుంది, దాణా వాసన తగిలితే చేపుకు వస్తుంది, అంటే పాలు విడుస్తుంది. డెయిరీ ట్యాంకర్ మాత్రం గోడ గడియారం చూసి బయలుదేరుతుంది. నిన్నటిదాకా నాలుగున్నరకు పితికినవాడు, ట్యాంకర్‌ను అందుకోవాలంటే ఇవాళ పొద్దు లెక్కన మూడున్నరకే పితకాలి. పాలు పిండగానే ఎత్తుకుపోవడానికి లేదు, 4 డిగ్రీల దాకా చల్లబడాలి. ట్యాంకర్ వెళ్లాక చల్లబరిచే ట్యాంకు కడగాలి, మళ్లీ పూటకు సిద్ధం చేయాలి. ఒక గంట జరిగితే ఈ గొలుసంతా జరుగుతుంది. పితుకుల మధ్య ఎడం 11 గంటలకు పడిపోయిన మొదటి రోజు ఆవు సరిగా చేపదు, పాలు తగ్గుతాయి. నవంబరులో ఇది తిరగబడి ఎడం 13 గంటలవుతుంది. పొదుగు రాయిలా బిగుసుకుంటుంది, చన్నుల నుంచి పాలు కారిపోతాయి, కారిన చన్ను తడి నేల మీద ఆనితే పొదుగువాపుకు దారి దొరికినట్టే. ఎక్కువ పాలిచ్చే పశువుకే ఈ బాధ ఎక్కువ.

అందుకే తెలిసిన పాడి రైతు ఆదివారం దాకా ఆగడు. వారం ముందు నుంచే రోజుకు పది పదిహేను నిమిషాలు జరుపుతాడు. పితికే వేళతో పాటు దాణా వేళా జరపాలి, ఒకటి జరిపి ఒకటి వదిలేస్తే ఫలితం లేదు. నాలుగు నుంచి ఆరు రోజుల్లో మంద సర్దుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు ఈ చాకిరీ, కూలీ లేని చాకిరీ. మన దగ్గర ఆవుల కన్నా గేదెలు చేపు విషయంలో ఇంకా మొండివి. మనిషి మారితేనే చేపని జీవాలున్నాయి, వేళ మారితే చెప్పాలా? కోళ్ల షెడ్డుదీ ఇదే తీరు. గుడ్లు పెట్టే కోడికి రోజుకు సుమారు 16 గంటల వెలుతురు లెక్కగా ఇస్తారు. షెడ్డు లైట్ల టైమర్‌ను ఊరందరితో పాటు తిప్పేస్తే ఆ లెక్క చెడుతుంది, గుడ్లు తగ్గుతాయి. టైమర్‌ను అలాగే ఉంచి మనుషులే వేళ మార్చుకోవడం తెలివైన పని.

ఎండుగడ్డి దగ్గరికొస్తే మోసం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. కోసి పరిచిన లూసర్న్ గడ్డిని కట్టలు కట్టాలంటే తేమ 20 శాతం లోపుకు దిగాలి. తడి ఉండగా కడితే లోపల బూజు పడుతుంది, కట్ట నడుమ వేడి పుడుతుంది, ఆ వేడి ముదిరి కొట్టాలు తగలబడిన ఘటనలు బోలెడు. మరీ ఎండేదాకా ఆగితే ఆకు రాలిపోయి కాడ మిగులుతుంది. బలమంతా ఆకులోనే కదా. ఈ రెంటి నడుమ దొరికే వ్యవధి కొద్ది గంటలే. అది పొద్దున మంచు ఆరితే గాని మొదలుకాదు, మంచు సూర్యుడి మాట వింటుందే తప్ప చట్టసభ మాట వినదు. పాత లెక్కన పదింటికి ఆరే మంచు కొత్త లెక్కన పదకొండింటికి ఆరుతుంది. కూలీలు వచ్చేది గడియారం ప్రకారం, వెళ్లేదీ గడియారం ప్రకారమే. పొద్దున గంటసేపు గట్టు మీద ఖాళీగా కూర్చున్నందుకు కూలి ఇవ్వాలి. సాయంత్రం పొద్దు బారెడు ఉండగానే వాళ్లు దిగిపోతారు. పని సాగే గంటే పోయింది. 1919లో రైతు వేసిన లెక్క ఇంతే, ఇందులో మూఢత్వం ఎక్కడుందో మాకు కనబడదు. అక్టోబరులో సోయా కోసేవాడికి ఈనాటికీ అదే తిప్పలు. మంచు తడికి కాడ సాగుతుంది, కోత యంత్రం నమిలి వదిలేస్తుంది. ఆరాక మొదలుపెడదామంటే గింజలు కొనే గోదాము తలుపు గడియారం చూసి మూసేస్తారు.

సాయంత్రం వెలుతురు పెరిగితే వ్యాపారానికి మంచిదని, కొన్ని రకాల రోడ్డు ప్రమాదాలు తగ్గుతాయని, దీపాల ఖర్చు కలిసొస్తుందని వాదించేవారున్నారు. వారి వాదన వారిది. కానీ అది పట్నపు వాదన అని ఒప్పుకుని చేయాలి. 1980ల మధ్యలో ఈ వేళను మరో నెల పొడిగించాలన్న బిల్లు మీద విచారణ జరిగినప్పుడు బారులు తీరి వచ్చింది గోల్ఫ్ మైదానాల వాళ్లు, మాంసం కాల్చే పొయ్యిలు అమ్మేవాళ్లు. ఆ ఒక్క నెలతో తమకు కోట్ల డాలర్ల అమ్మకాలు పెరుగుతాయని దాచుకోకుండా చెప్పారు. 2005 చట్టంతో, 2007 నుంచి నవంబరు దాకా సాగదీసినప్పుడు మిఠాయి కంపెనీలు సంతోషించాయి. పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే హాలోవీన్ పండుగ అక్టోబరు ఆఖరున, ఆ సాయంత్రం వాళ్లు ఇంకాసేపు వెలుతురులో తిరుగుతారు కదా! ఇందులో రైతెక్కడ?

పొదుపు మాటా తేలిపోయింది. ఇండియానా రాష్ట్రంలో చాలా జిల్లాలు 2006 దాకా గడియారం తిప్పేవి కావు. రాష్ట్రమంతా ఒక్కసారిగా మొదలుపెట్టడంతో పరిశోధకులకు ముందూ వెనకా పోల్చే వీలు దొరికింది. ఇళ్ల కరెంటు వాడకం తగ్గకపోగా సుమారు ఒక శాతం పెరిగిందని తేలింది. దీపాల దగ్గర మిగిలింది ఏసీల దగ్గర పోయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

గడియారం తిప్పడం విసుగనిపిస్తే ఏడాదంతా వేసవి వేళలోనే ఉండిపోదామనే మరో తెలివి బయలుదేరింది. 2022 మార్చిలో సెనేట్ ఏకగ్రీవంగా, చర్చన్నది లేకుండా ఆ బిల్లును ఆమోదించింది. ప్రతినిధుల సభ ముట్టుకోకపోవడంతో అది మురిగిపోయింది. మంచిదే అయింది. ఈ ప్రయోగం 1974 జనవరిలో జరిగింది, చలికాలంలో పిల్లలు కటిక చీకట్లో బడికి బయలుదేరారు, ఫ్లోరిడాలో ప్రమాదాల్లో పిల్లలు చనిపోయారు. మొదట జై కొట్టిన జనమే రెండు నెలల్లో ఛీకొట్టారు, ఆ ఏడాది అక్టోబరుకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అమెరికా ఉత్తర సరిహద్దులోని ఉత్తర డకోటా రాష్ట్రం పడమటి అంచున ఈ పద్ధతి పెడితే డిసెంబరులో ఉదయం తొమ్మిదిన్నర దాటితే గాని పొద్దు పొడవదు. అక్కడ పొలాల మధ్య విసిరేసినట్టుండే ఇళ్లు, వీధి దీపం లేని రోడ్లు, చాలా దూరం తిరిగొచ్చే బడి బస్సులు. పట్నంలో పిల్లాడు ఇంటి ముందు లైటు కింద బస్సెక్కుతాడు, పల్లె పిల్లాడు మంచులో, చీకట్లో, రోడ్డు పక్కన నిలబడతాడు. సెనేటర్లలో ఒక్కరికీ ఇది గుర్తురాలేదు. రైతు పేరు మాత్రం అందరి నోట్లోనూ ఉంటుంది.

అడిగి చూసినచోట పల్లె ఏం చెప్పిందో కూడా రికార్డుల్లోనే ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ మూడేళ్లు ప్రయోగం చేసి 1992 ఫిబ్రవరిలో జనాభిప్రాయం కోరింది. బ్రిస్బేన్ చుట్టుపక్కల అవునంటే, పల్లెలు, పడమటి మేత భూములు కాదన్నాయి. మొత్తం మీద 54 శాతానికి పైగా వద్దన్నారు. పశ్చిమ ఆస్ట్రేలియా నాలుగుసార్లు అడిగింది, 2009తో కలిపి నాలుగుసార్లూ వద్దనే అన్నారు. అయినా పట్నం వాళ్లు పల్లె మాటను ‘ఎండకు కర్టెన్లు వెలిసిపోతాయట, ఆవులు కంగారు పడతాయట’ అని ఎగతాళిగా మార్చేశారు. తమకు కావలసి వచ్చినప్పుడు రైతు కోసం అంటారు. అదే రైతు నోరు తెరిచి వద్దంటే వెనకబడ్డవాడంటారు. యూరోపియన్ యూనియన్‌లో ఇంకో రకం కపటం: 2018లో జనం అభిప్రాయాలు అడిగితే 46 లక్షల మంది స్పందించారు, 84 శాతం ఈ తిప్పడం మానేయమన్నారు, 2019 మార్చిలో పార్లమెంటు కూడా మానేద్దామని ఓటేసింది. సభ్య దేశాల మధ్య అది అక్కడే మూలుగుతోంది, ముళ్లు మాత్రం ఏటా రెండుసార్లు తిరుగుతున్నాయి.

అమెరికా గొడవ మనకెందుకని ఎవరైనా అనవచ్చు. మన గడియారాన్నీ అరగంట ముందుకు జరపాలనే ప్రతిపాదన బెంగళూరు మేధావుల నుంచి ఎప్పుడో వచ్చింది, మధ్యమధ్య మళ్లీ తలెత్తుతుంది. సాయంత్రం కరెంటు వాడకం అన్నిటికన్నా ఎక్కువయ్యే పీక్ లోడు తగ్గుతుందన్నది దాని సారాంశం. ఈశాన్యం వేరే సంగతి. కాకినాడ సమీపంగా పోయే, దేశం గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం చెప్పే వేళ అస్సాం తేయాకు తోటలకు అతకదు, అందుకే అక్కడ గంట ముందుండే తోటల వేళ ఎప్పటినుంచో ఉంది. వాళ్లు వేరే కాల మండలం అడగడంలో న్యాయముంది, అది శాశ్వతంగా పొద్దుకు దగ్గర చేసేది కాబట్టి. ముల్లును అటూ ఇటూ తిప్పే తమాషా అది కాదు. మన సంగతి అలా కాదు. హైదరాబాద్‌లో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలకు కాస్త పైన, ఉత్తర డకోటాలో అది ఏడు గంటలు దాటుతుంది. మిగుల్చుకోవడానికి మన దగ్గర మిగులు పొద్దే లేదు. 1942 నుంచి 1945 దాకా యుద్ధం పేరిట దేశమంతా గంట ముందుకు జరిపి, యుద్ధం అయిపోగానే తెల్లవాళ్లే మానుకున్నారు.

పైగా పీక్ లోడు పేరుతో రైతు పొద్దును దోచిన అనుభవం మనకు కొత్త కాదు. పట్నం పడుకున్నాక మిగిలిన కరెంటును అర్ధరాత్రి వ్యవసాయ ఫీడర్లకు వదిలిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. టార్చి పట్టుకుని, తడి గట్ల మీద, స్టార్టర్ దాకా నడిచి పాము కాటుకో కరెంటు షాకుకో పోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. నిద్ర చాలని రైతు ఆటో స్టార్టర్ బిగించాడు. కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారిగా లేచాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, తప్పు రైతు మీదకే వచ్చింది. అప్పుడూ కాగితాల మీద రాసుకున్నది రైతు సంక్షేమమే. ఎద్దు పుండు కాకికి ముద్దా?

వేళ మార్చుకోవాలంటే దారి లేక కాదు. మార్చి నడిమికి ఎండ ముదరగానే మన రెండు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు పెడతారు. ఎనిమిదింటికల్లా బడి, మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంటికి. అందుకోసం దేశం గడియారాన్ని ఎవరూ ముట్టుకోరు, బడి గంట ముందు కొడతారు, అంతే. ఆఫీసులకూ, మాల్స్‌కూ, కాల్ సెంటర్లకూ సాయంత్రపు వెలుతురు అంతగా కావాలంటే వాళ్లే పొద్దున్నే లేచి తాళం తీయవచ్చు. తాము గంట ముందు నిద్ర లేవడానికి బద్ధకించి దేశం మొత్తాన్ని, గొడ్డూగోదాతో సహా, లేపుతామనడం ఏం న్యాయం?

రేపు ఏ సెమినార్ హాల్లోనో, ఏ సభలోనో ఎవరైనా లేచి ‘మన రైతు సోదరుల కోసం’ అని ఈ ప్రతిపాదన మొదలుపెడితే, అక్కడున్నవాళ్లు వెంటనే అడగాలి: ఏ రైతు, ఏ ఊరు, ఎన్ని పాడి పశువులు? ఒక్క పేరు చెప్పలేకపోతే కూర్చోమనాలి.