ఫ్రిజ్‌లో సైబీరియా

మా తోడికోడలు ఉండేది కెనడాలో, సస్కటూన్‌లో. పోయిన జూలైలో పెరట్లోంచి గిన్నెడు నీలం కాయలు కోసి ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టింది. హనీబెర్రీలట. ద్రాక్షపండుని రెండు చివర్లా పట్టుకుని లాగినట్టు పొడుగ్గా ఉన్నాయి, పైన బూడిద పూత. మా అత్తయ్యగారు ఆ ఫొటోని కాకినాడలో చూపించని గడప లేదు. "మా చిన్నకోడలు మంచులో పళ్లు పండించింది" అని కూరలబ్బాయికి కూడా చెప్పారు. నేను ఇన్నేళ్లుగా కుండీల్లో పండిస్తున్న గోంగూర, బెండకాయలు ఆవిడ వచ్చినప్పుడల్లా తింటూనే ఉన్నారు, వాటి ఫొటో మాత్రం ఏ గడపా తొక్కలేదు. ఇంతకంటే ఉపోద్ఘాతం అక్కర్లేదనుకుంటా. నేనూ ఆన్‌లైన్‌లో ఒక హనీబెర్రీ మొక్క ఆర్డర్ పెట్టాను.

ఏమీ తెలుసుకోకుండా పెట్టానని మాత్రం అనకండి. అంతా చదివే పెట్టాను. దీని పుట్టిల్లు సైబీరియా, జపాన్‌లో హొక్కైడో వైపు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా చావదు. పువ్వు విచ్చుకున్నాక మైనస్ 7 పడినా ఆ పువ్వుకి ఏమీ కాదు. మా తోడికోడలి ఊళ్లోనే ఉన్న సస్కచ్వాన్ యూనివర్సిటీ వాళ్లు దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి 2007లో టండ్రా, బోరియాలిస్ అనే రకాలు వదిలారు. ఒక్క మొక్క పెడితే లాభం లేదు, రెండు వేర్వేరు రకాలు దగ్గర దగ్గరగా ఉండాలి, రెండూ ఒకేసారి పూయాలి, అప్పుడే కాయ నిలుస్తుంది. ఈ మాటే అమ్మేవాళ్లని చాట్‌లో అడిగితే "మా మొక్కకి ఒకటి చాలు మేడమ్" అన్నారు. పోనీ ఏ రకం, టండ్రానా, బోరియాలిసా అంటే "ప్రీమియం" అని జవాబు. దాని కింద ఒక నమస్కారం బొమ్మ. అడిగినవాళ్ల నోరు మూయించడానికి ఆ నమస్కారం బొమ్మని కనిపెట్టినవాడెవడో గానీ గొప్పవాడు.

మొక్క వచ్చింది. అట్టపెట్టెలో, మట్టి సంచీతో సహా, జానెడున్నర కట్టె, దానికి నాలుగైదు ఆకులు.

ఇక్కడ అసలు చిక్కు చలి. ఈ మొక్క చలికాలం ఆకంతా రాల్చేసి నిద్రపోతుంది. ఆ నిద్రలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలపాటు తగిలితేనే వసంతంలో మొగ్గలు సరిగ్గా లేస్తాయి. మన హైదరాబాద్ చలి సంగతి తెలిసిందే కదా. డిసెంబరులో నాలుగు పొద్దుటి పూటలు స్వెట్టర్ వేసుకుని పార్కుకి వెళ్తాం, శివరాత్రికి శివశివా అంటూ ఆ కాస్తా పోతుంది, అక్కణ్నుంచి రోహిణి కార్తెలో రోళ్లు పగిలేదాకా మనం మాట్లాడుకునే విషయం ఏసీ సర్వీసింగ్ ఒక్కటే. మేడ మీద పెడదామా అంటే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్‌గారు లిఫ్ట్ పక్కన నోటీసు అంటించారు: స్లాబు లీకవుతుంది కాబట్టి టెర్రస్ మీద కుండీలు నిషేధం, కామన్ ఏరియాలో ఎవరి వస్తువులూ ఉండరాదు. ఆ నోటీసుకి ఆనుకునే, కామన్ ఏరియాలోనే, ఆయన తులసికోట ఉంటుంది. టైల్సు అతికించిన, మూడడుగుల తులసికోట. దేవుడి విషయం కదా, ఎవరూ అడగరు. నాకు మిగిలింది పడమటి బాల్కనీ. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి అక్కడి గ్రిల్లు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

మా ఇంట్లో ఏడాది పొడవునా 4 డిగ్రీలుండే చోటు ఒకే ఒక్కటి. నవ్వకండి, చలిదేశాల మొక్కల కట్టింగులని నర్సరీలవాళ్లే కోల్డ్ స్టోరేజీలో పెడతారు. నేను పెట్టింది మా పాత సింగిల్ డోర్‌లో, రెండు అద్దాల అరలు తీసేసి, కుండీ కింద పళ్లెం పెట్టి. ఒక షరతు మాత్రం ఉంది. మాగే పళ్లు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, అది నిద్రపోయే మొగ్గలని పాడుచేస్తుంది, కాబట్టి మొక్క ఉన్నచోట పళ్లు ఉండకూడదు. సరిగ్గా అదే వారం మా అత్తయ్యగారు కాకినాడ నుంచి కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ల బుట్టతో దిగారు. బుట్ట మంచం కింద పెట్టించాను. రాత్రి ఇల్లంతా మామిడి వాసన. "ఫ్రిజ్‌లో పెట్టకపోయావా అమ్మా" అన్నారు. "బయటుంటేనే రుచి అత్తయ్యగారూ" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

తెల్లారింది. ఆవిడ తలస్నానం చేసి, మడి కట్టుకుని, నైవేద్యానికి పాలు తీద్దామని ఫ్రిజ్ తలుపు తీశారు.

కేక ఏమీ పెట్టలేదు. పెట్టి ఉంటే వెంటనే పరిగెత్తేదాన్ని. ఆవిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. లోపలి బల్బు వెలుగు ఆవిడ ముఖం మీద పడుతోంది. ఎదురుగా పాలగిన్నె, పక్కన పెరుగు, దోసెల పిండి డబ్బా, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు, వాటి మధ్యన నా కట్టె. అప్పటికి రెండు ఆకులే మిగిలాయి, ఒకటి పూర్తిగా పండిపోయి తొడిమ దగ్గర వేలాడుతోంది. కుండీ అంచుకి మంచు నీళ్లు చెమటలా పట్టి ఉన్నాయి.

"అమ్మాయ్, ఇదేమిటి?"

"మొక్కండీ."

"మొక్కని తెలుస్తోంది. ఇక్కడేమిటి?"

చలికాలం గురించి చెప్పాను. వందల గంటలు, 7 డిగ్రీలు, నిద్ర, అంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగానే విన్నారు. నిజం చెప్పొద్దూ, ఆవిడ అంత శ్రద్ధగా నా మాట విన్నది ఇదే మొదటిసారి. మొత్తం విని, "అంటే మామిడిపళ్లు మంచం కిందా, ఇది ఫ్రిజ్‌లోనా" అన్నారు. దానికి నా దగ్గర జవాబుంది, ఇథిలీన్, కానీ ఆ పూట ఇథిలీన్ పేరెత్తే ధైర్యం ఎవరికుంటుంది. పైగా తలుపు తెరిచే ఉంది. నేను కూడబెట్టిన చలిలోంచి ఒక్కో నిమిషం బయటికి పోతోంది.

"ఎరువేమైనా వేశావా?" అన్నారు. ఆవిడ కంగారు నాకు అర్థమైంది. ఆవు పేడయితే ఫర్వాలేదు, అదీ పవిత్రమే. నేను "కంపోస్టండీ" అని చెప్పి ఊరుకుందామనుకున్నాను. సరిగ్గా అప్పుడే మావారు పళ్లు తోముకుంటూ వచ్చారు. ఆయనకి ఇంట్లో ఎక్కడ దీపం వెలిగినా అక్కడికి వచ్చి నిలబడే అలవాటు. మొక్కతో వచ్చిన మట్టి సంచీ మీద స్టిక్కర్ ఉంటుందని, దాని మీద అన్నీ రాసి ఉంటాయని తల్లికి భరోసా ఇచ్చారు. ఇరవయ్యేళ్ల కాపురంలో ఈ మనిషి ఒక్క మందు సీసా మీద లేబుల్ చదివి ఎరగరు. చార్జర్ డబ్బా మీద వోల్టేజీ చదవరు. సినిమా టికెట్ మీద టైము చదవక మేము ఇంటర్వెల్‌కి వెళ్లిన రోజులున్నాయి. అలాంటిది ఆ రోజు బాల్కనీలోకి వెళ్లి సంచీ వెతికి తెచ్చి, ట్యూబులైటు కింద నిలబడి, కళ్లజోడు నుదుటి మీంచి దించి, నోట్లో బ్రష్షుతోనే, గట్టిగా, ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టారు.

"కోకోపిట్. అంటే కొబ్బరి పీచమ్మా."

అత్తయ్యగారు తలూపారు. కోనసీమ అల్లుణ్ని చేసుకున్న కుటుంబం, కొబ్బరికి అభ్యంతరం లేదు.

"వేపపిండి."

మరీ మంచిది.

"వర్మీ కంపోస్ట్."

"అంటే?"

"వానపాములు..." అని ఆగారు. నేను ఆవిడ వెనకనుంచి కళ్లతో సైగ చేశాను. ఆయన ఆ సైగని వివరంగా చెప్పమని అర్థం చేసుకున్నారు. "పాములు ఇందులో ఉండవమ్మా. చెత్త వాటికి పెడితే అవి తిని, తర్వాత, అంటే, వెనకనుంచి..." మాట కోసం వెతుక్కుంటూ బ్రష్షు తీసి గాల్లో తిప్పారు. అత్తయ్యగారి చూపు పెరుగు గిన్నె మీదకి వెళ్లింది. దాని మీద మూత కొంచెం పక్కకి జరిగి ఉంది. ఆ మూత ఎందుకు జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు, అంతకుముందు రాత్రి నేనే సరిగ్గా పెట్టాను.

ఇక్కడితో అయిపోయినా బతికిపోయేదాన్ని. వానపాము మట్టిలోది, రైతు నేస్తం, ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ స్టిక్కర్‌లో ఇంకో వరుస ఉంది. కింద, చిన్న అక్షరాల్లో. అమ్మేవాళ్లకి మొక్క రకం పేరు రాయడానికి చోటు దొరకలేదు గానీ దీనికి దొరికింది.

"బోన్ మీల్," అన్నారు మావారు.

నిశ్శబ్దం. ఫ్రిజ్ గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. బోన్ అంటే ఏమిటో ఆవిడకి తెలియదని నేను ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆవిడ మోకాలికి తీసిన ఎక్స్‌రేల కట్ట అప్పుడు గుర్తొచ్చింది, డాక్టరు ఆవిడతో నెలనెలా మాట్లాడేది బోన్ గురించే. అయినా మావారు అవకాశం వదల్లేదు. "ఎముకల పొడమ్మా. ఫాస్ఫరస్ ఉంటుంది," అన్నారు, ఫాస్ఫరస్ అనగానే మడి నిలబడుతుందన్నంత ధీమాగా.

ఆ తర్వాత జరిగినవన్నీ చెప్పను. పెరుగు పోయింది, పిండి పోయింది, మల్లెపూలు పోయాయి. మట్టి మొత్తం వాచ్‌మన్‌ని పిలిచి ఎత్తించారు. నేను కట్టెని మాత్రం వేళ్లతో సహా లాక్కుని తడిగుడ్డ చుట్టి బాల్కనీలో దాచుకున్నాను. ఖాళీ ఫ్రిజ్‌ని అత్తయ్యగారు పసుపునీళ్లతో, చెంబుతో, పైనుంచి కడిగారు. తుడవలేదు, కడిగారు. ఫ్రిజ్ లోపల వెనక గోడకి కింద చిన్న రంధ్రం ఉంటుంది, కరిగిన నీళ్లు దాంట్లోంచి కంప్రెసర్ మీది ట్రేలోకి దిగుతాయి. కుండీలోంచి రాలిన మట్టి ఎప్పుడు చేరిందో అక్కడ బిరడా వేసుక్కూర్చుంది. పసుపునీళ్లు వెనక్కి తన్ని, తలుపు సందులోంచి హాలు దాకా వచ్చాయి. సాయంత్రానికి ఫ్రిజ్ గుర్రు కూడా ఆగింది.

మెకానిక్ వచ్చాడు. సిద్దిపేట వైపు అబ్బాయి. వెనక ట్రే లాగి, వేలు ముంచి చూసుకుని, "ఏంది మేడమ్, ఫ్రిజ్‌కు పెండ్లి చేస్తున్రా, పసుపు పెట్టిన్రు?" అన్నాడు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. తీగతో ఆ రంధ్రం కెలికితే నల్లటి ముద్ద ఊడి పడింది. చెయ్యి కడుక్కుందామని బాల్కనీలోకి వెళ్లి నా తడిగుడ్డ మూట చూశాడు.

"మల్బరీ కట్టె ఎందుకు పెట్టుకున్రు మేడమ్?"

"మల్బరీ కాదు బాబూ, హనీబెర్రీ. సైబీరియాది."

"కాదు మేడమ్. మా బావ రెండెకరాలల్ల పెట్టిండు, పట్టుపురుగులకు. ఇదే ఆకు."

మిగిలిన ఆ ఒక్క ఆకుని లైటు దగ్గర పెట్టి చూశాను. హనీబెర్రీ ఆకు అంచు నున్నగా ఉంటుంది, ఆకులు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి. ఈ ఆకు అంచు పొడుగునా రంపపు పళ్లు. రాలిన ఆకుల తాలూకు మచ్చలు కొమ్మకి ఒకటి ఇటు, ఒకటి అటు, మార్చి మార్చి ఉన్నాయి. మల్బరీయే. ఊళ్లలో పొలం గట్ల మీద పడి మొలిచే కంబళిచెట్టుకి నేను ఇన్నాళ్లూ సైబీరియా చూపించాను.

"ఎండల పెట్టున్రి, మంచిగొస్తది. సల్లగుంటేనే ఎదగదు," అన్నాడు వెళ్తూ. బిల్లులో ఏ తగ్గింపూ ఇవ్వలేదు.

అమ్మేవాళ్లతో చాట్ మళ్లీ తెరిచాను. ఫొటోలు పంపాను, ఆకు అంచు పెద్దది చేసి మరీ. చాలాసేపటికి జవాబొచ్చింది: "మీ సహనానికి ధన్యవాదాలు మేడమ్. మొక్కని దాని ఒరిజినల్ మట్టితో సహా తిరిగి పంపితే డబ్బు వాపసు పరిశీలిస్తాం." నమస్కారం బొమ్మ.

వాచ్‌మన్‌ని పిలిచి ఆ మట్టి ఎక్కడ పోశావయ్యా అని అడిగాను. మంచి మట్టి, పారబొయ్యడం ఎందుకని ప్రెసిడెంట్ సారు తులసికోటలో పోశాడట. సారు చాలా సంతోషించారట కూడా. అత్తయ్యగారు ఈ మాట వినకముందే వంటింటి తలుపు దగ్గరికి వేశాను, ఎందుకంటే ఆవిడ రోజూ పొద్దున్నే ప్రదక్షిణం చేసేది ఆ కోట చుట్టూనే.