చివరి మనిషి గీత దాటేదాకా

పోయిన వేసవిలో మన తెలుగు సంఘం జరిపిన ఐదు కిలోమీటర్ల పరుగులో అందరికంటే వెనక వచ్చిన నలుగురిలో మా అత్తయ్యగారు ఒకరు. ఆమెకు 67 ఏళ్లు. తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉన్న మా ఇంటికి వచ్చి, మూడు నెలలపాటు రోజూ సాయంత్రం నాతో కలిసి నడిచి, సంఘం ఇచ్చిన టీషర్టును చీర మీదే తొడుక్కుని ఎంతో ఇష్టంగా బయలుదేరారు. గంటా నాలుగు నిమిషాలకు ఆమె చేరేసరికి అక్కడ ముగింపు గీత అన్నదే లేదు. గడియారం అప్పటికే వ్యానులోకి చేరింది, గాలి నింపి నిలబెట్టే తోరణాన్ని ఇద్దరు కుర్రవాళ్లు చుట్ట చుడుతున్నారు, నీళ్ల సీసాలు అయిపోయాయి, అవతల వేదిక మీద బహుమతుల ప్రదానం సాగుతోంది. “ఇక్కడిదాకానేనా అమ్మాయ్? అయిపోయినట్టేనా?” అని ఆమె నన్ను అడిగారు. అయిపోయిందని చెప్పి, నా చేతి గడియారంలో సమయం చూపించాను.

కార్యవర్గాన్ని నిందించడానికి ఈ సంగతి రాయడం లేదు. ఆ రోజు తెల్లవారకముందే వచ్చి బల్లలు మోసినవాళ్లు, దారి పొడవునా బాణం గుర్తులు కట్టినవాళ్లు అందరూ నాకు మిత్రులే. అయితే ఇక్కడి స్థానిక పరుగుల్లో ఎనిమిదేళ్లుగా వెనక వరుసల్లో పరిగెత్తుతున్నదానిగా నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. చివరి మనిషి గీత దాటేటప్పటికి అక్కడ గడియారం, నీళ్లు, చప్పట్లు కొట్టడానికి నలుగురు మనుషులు ఉన్నారా లేరా అన్నదాన్ని బట్టే ఒక పరుగును ఎంత బాగా నిర్వహించారో చెప్పవచ్చు. ఈ ఏడాది పరుగుకు ఏర్పాట్లు మొదలయ్యే లోపల ఈ మాట అందరి ముందూ ఉంచాలనుకున్నాను.

నేను పుట్టి పెరిగిన ఇంట్లో పరుగెత్తిన ఆడవాళ్లు లేరు. నలభై ఒకటో ఏట రక్తపరీక్ష చేయించుకున్నప్పుడు, షుగరు వచ్చే దశకు దగ్గరలో ఉన్నానని మా జీపీ (ఇక్కడి కుటుంబ వైద్యులు) చెప్పారు. దక్షిణాసియా మూలాలున్నవారికి ఈ వ్యాధి తక్కువ బరువులోనే రావచ్చు కాబట్టి, ఇతరులకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కించే సూచిక) 25 దగ్గర మొదలయ్యే హెచ్చరిక మనకు 23 దగ్గరే మొదలవుతుందని ఇక్కడి వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఆ వారమే ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ వారి ‘కౌచ్ టు ఫైవ్ కె’ అనే, పరుగు అలవాటు లేనివారికి ఐదు కిలోమీటర్లు నేర్పే యాప్‌ను ఫోనులో పెట్టుకున్నాను. వారానికి మూడు రోజుల చొప్పున తొమ్మిది వారాలు సాగే ఆ సాధన, మొదటి రోజు ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడకతో మొదలవుతుంది. నాకు తొమ్మిది వారాలు చాలలేదు, పద్నాలుగు పట్టాయి.

ఆ తరువాత ఒక శనివారం ఉదయం 9 గంటలకు, థేమ్స్ నది ఒడ్డున జరిగే పార్క్‌రన్‌కు వెళ్లాను. 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్కులో 13 మంది పరుగువారితో మొదలై, ఈ రోజు ఎన్నో దేశాలకు వ్యాపించిన ఈ ఐదు కిలోమీటర్ల పరుగుకు రుసుము లేదు. ఒకసారి పేరు నమోదు చేసుకుని, బార్‌కోడ్ వెంట తెచ్చుకుంటే చాలు. నిర్వహణ అంతా వాలంటీర్లదే. నలభై నాలుగు నిమిషాలకు నేను గీత దాటినప్పుడు, మొదట వచ్చినవారికి ఇచ్చినట్టే నా చేతికీ ఎన్నో స్థానమో తెలిపే ఒక ప్లాస్టిక్ టోకెన్ ఇచ్చి, నా బార్‌కోడ్ స్కాన్ చేశారు. మధ్యాహ్నానికి నా సమయం ఈమెయిల్‌లో వచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చినది టెయిల్ వాకర్ పద్ధతి. ప్రతి పార్క్‌రన్‌లోనూ ఒక వాలంటీరు అందరికంటే వెనక నడుస్తూ, మలుపుల్లో దారి చూపే ప్రతి మార్షల్‌కూ తన వెనక ఇక ఎవరూ లేరని చెబుతూ, అందరూ గీత దాటాక తాను దాటుతారు. చివరి స్థానం ఎప్పుడూ ఆ వాలంటీరుదే కాబట్టి, పరుగుకు వచ్చినవారిలో ఎవరికీ ఆ స్థానం రాదు. వారం వారం ఈ ఏర్పాటు నిలిచిందంటే దాని వెనక ఎంతో ఆలోచన ఉందని గ్రహించాలి.

దీనికి పూర్తిగా విరుద్ధమైన అనుభవం నా మొదటి పది కిలోమీటర్ల పందెంలో ఎదురైంది. పల్లె దారుల్లో జరిగిన పందెం అది, పేరు చెప్పను. రుసుము 28 పౌండ్లు. ఏడో కిలోమీటరు దగ్గర నీళ్ల బల్ల ఉంటుందని పటంలో చూపించారు. నేను, నాతో కలిసి వస్తున్న అరవై దాటిన ఒక పెద్దాయన, గంట దాటాక అక్కడికి చేరేసరికి బల్లను మడిచేస్తున్నారు. కాగితపు కప్పులను చెత్త సంచిలో వేసేశారు. ఒక మార్షల్ కారు అద్దం దించి, ఇక పేవ్‌మెంట్ మీదికి వెళ్లమని చెప్పి సాగిపోయారు. ఆ పల్లెలో ఒకావిడ తన ఇంటి గేటు దగ్గర మొక్కలకు నీళ్లు పోస్తూ మమ్మల్ని చూసి, లోపలికి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి ఇచ్చారు. నీళ్లు తాగి, పెద్దాయన కాసేపు ఆ గోడ మీదే కూర్చున్నారు. నలభై నిమిషాల్లో పది కిలోమీటర్లు పూర్తిచేసేవారు నీళ్ల బల్ల దగ్గర ఆగకుండానే వెళ్లిపోగలరు. గంటన్నరపాటు ఎండలో ఉండేవారికే నీళ్లు కావాలి, దారి చూపే మనిషి కావాలి, ఏదైనా అయితే చూసుకునే ప్రథమ చికిత్స కావాలి. ముందుగా వెళ్లేవారి లెక్క ప్రకారం ఏర్పాట్లు చేస్తే, అవసరం ఎక్కువ ఉన్నవారి దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు.

రెడింగ్ హాఫ్ మారథాన్‌లో ఇలా జరగలేదు. 1983లో మొదలైన ఆ పరుగు నేను పాల్గొన్న ఏడాది స్టేడియం లోపల ముగిసింది. 13.1 మైళ్లూ పరిగెత్తి, కొంత నడిచి, రెండు గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలకు నేను లోపలికి అడుగుపెట్టేటప్పటికి గ్యాలరీల్లో ఇంకా జనం ఉన్నారు. నన్నెరుగనివారు నా ఛాతీ మీది నంబరు పట్టీపై పేరు చూసి, పలకడం రాకపోయినా పలికి మరీ ఉత్సాహపరిచారు. ఆ ఉచ్చారణలో నా పేరు నాకు కొత్తగా, తీయగా వినిపించింది.

దారులు మూసి ఉంచడానికి కౌన్సిల్ ఇచ్చే అనుమతికి గడువు ఉంటుంది, వాలంటీర్లకూ ఇళ్లూ పిల్లలూ ఉంటారు, ఎంతసేపని కాచుకుని ఉంటామని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గడువు పెట్టవద్దని నేను అనడం లేదు. గడువు ఎంత కఠినంగా ఉన్నా చివరివారిని గౌరవించవచ్చునని దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ మారథాన్ చూపిస్తుంది. చెరకు తోటల పనికి వెళ్లిన మన తెలుగువారి సంతతి స్థిరపడిన డర్బన్‌కూ, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కూ మధ్య 1921 నుంచి జరుగుతున్న ఆ పరుగు సుమారు 90 కిలోమీటర్లు. 1975 వరకు అందులో నల్లవారికీ, భారతీయులకూ, ఆడవారికీ అధికారికంగా ప్రవేశం లేదు. ఇప్పుడు అందరికీ ఉన్న గడువు 12 గంటలు. ఆ క్షణం రాగానే ఒక నిర్వాహకుడు పరుగువారి వైపు వీపు తిప్పి నిలబడి తుపాకీ పేలుస్తారు. ఎవరు దాటారో, ఎవరు అడుగు దూరంలో ఆగిపోయారో చూసి ఆయన మనసు మెత్తబడకూడదని ఆ కట్టుబాటు. అంత కఠినమైన నియమం ఉన్నచోటే, విజేతలు వచ్చిన ఎన్నో గంటల తరువాత కూడా, ఆ చివరి నిమిషాల కోసమే ముగింపు గీత దగ్గర వేలమంది ఎదురుచూస్తారు. గడువు ఏమిటో ముందే చెప్పి, ఆ గడువు ముగిసేదాకా అన్నీ యథాస్థానంలో ఉంచితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పోయిన వేసవిలో మన పరుగుకు గడువు ఏదీ ప్రకటించలేదు. అత్తయ్యగారు ఆలస్యంగా రాలేదు. మనమే ముందుగా మూటాముల్లె సర్దుకున్నాము.

తూర్పు లండన్‌లోని ఇల్ఫర్డ్‌లో ఉండి, 89 ఏళ్ల వయసులో తన మొదటి మారథాన్ పరిగెత్తిన ఫౌజా సింగ్ గారి పేరు మనలో చాలామంది విన్నదే. 2011 అక్టోబరులో టొరంటోలో నూరేళ్ల వయసున్నవారిగా ఆయన ఎనిమిది గంటలకు పైగా నడిచి, పరిగెత్తి మారథాన్ ముగించారు. జనన ధ్రువపత్రం లేనందువల్ల గిన్నిస్ వారు ఆ రికార్డును నమోదు చేయలేదు. ఆయన చివరి కొన్ని వందల గజాలు దాటుతున్నప్పుడు పనివాళ్లు ముగింపు దగ్గర అడ్డుకంచెలు, బ్యానర్లు విప్పుతున్నారని అప్పటి పత్రికలు రాశాయి. ఆయన వెనక మరో ఐదుగురు ఉన్నారు. 2025 జులైలో పంజాబులోని సొంత ఊళ్లో వాహనం ఢీకొని ఆయన మరణించారని చదివిన రోజు, నాకు పతకాలు ధరించిన ఆయన ఫొటోల కంటే ముందు ఆ విప్పుతున్న అడ్డుకంచెలే గుర్తుకొచ్చాయి.

మన పరుగు జరిగిన రెండు వారాలకు అత్తయ్యగారిని నేను పార్క్‌రన్‌కు తీసుకువెళ్లాను. ముందు ఆమె ఒప్పుకోలేదు. “మళ్లీ అందరూ వెళ్లిపోయాక వెళ్లడమేగా” అన్నారు. ఆ శనివారం టెయిల్ వాకర్‌గా ఒక రిటైర్డ్ టీచరు వచ్చారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, నదిలోని హంసలను చూపించుకుంటూ, మోకాళ్ల నొప్పుల గురించి సైగలతోనే చెప్పుకుంటూ ఇద్దరూ గంట నడిచారు. గీత దగ్గరికి రాగానే ఆవిడ ఆగి, అత్తయ్యగారిని ముందు వెళ్లమని చెయ్యి చూపించారు. టోకెన్ అందుకున్నాక దాన్ని తిరిగి ఇచ్చేయాలని చెబితే, ముందు ఒక ఫొటో తియ్యమన్నారు. తెనాలికి తిరిగి వెళ్లాక ఆ ఫొటోను ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. పక్కింటి పిన్నిగారితో కలిసి ఇప్పుడు రోజూ కాలవ గట్టున నడుస్తున్నారు.

మన సంఘం చేయవలసినవాటికి ఎక్కువ ఖర్చు లేదు. ఐదు కిలోమీటర్లకు గంటంపావు గడువని కరపత్రంలోనే ముద్రించవచ్చు. ఆ గడువు దాకా గడియారాన్నీ తోరణాన్నీ కదపకుండా, రెండు పెట్టెల నీళ్లు చివరివారి కోసం విడిగా తీసి ఉంచవచ్చు. ముఖ్య అతిథికి తొందర ఉంటే బహుమతులు ముందు ఇచ్చుకోవచ్చు కానీ, గీత దగ్గర నలుగురు తప్పకుండా నిలబడాలి. తల్లిదండ్రులు ఊళ్ల నుంచి వచ్చి మనతో ఉండే నెలలు వేసవిలోనే ఎక్కువ. వాళ్లు మన పరుగుకు వస్తున్నారంటే మన మీద నమ్మకంతో వస్తున్నారు. స్థానిక పరుగుల్లో మనవాళ్లు టీషర్టులు వేసుకుని పాల్గొనడం ఏటేటా పెరుగుతోంది, నాకు ఎంతో సంతోషం. కానీ నీళ్ల బల్ల దగ్గర, మలుపుల్లో, వాలంటీర్లు వేసుకునే మెరిసే జాకెట్లలో మనవాళ్లు ఇంకా అరుదుగానే కనబడుతున్నారు. సంవత్సరానికి రెండు శనివారాలు అక్కడ నిలబడితే ఈ పని ఎలా చేయాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఈ ఏడాది మన పరుగులో అందరికంటే వెనక నడిచే బాధ్యత నాకు అప్పగించమని కార్యవర్గాన్ని కోరాను, వారు ఒప్పుకున్నారు. పసిపిల్లల తోపుడుబండ్లతో వచ్చేవారు, మోకాళ్ల నొప్పులున్నవారు, నడుస్తూ మాట్లాడుకోవాలనుకునే అమ్మలు నాన్నలు ప్రారంభ గీత దగ్గర నన్ను కలవండి. నారింజ రంగు జాకెట్‌లో ఉంటాను.