క్యాంపస్‌లో ఉండి చదువుకోవడం గురించి, రెండు జీవితాలూ చూసిన విద్యార్థినిగా

"ఇంటి నుంచి వెళ్లి రాగలిగే దూరమే కదా, మళ్లీ హాస్టల్ ఎందుకు?" అనే ప్రశ్న అడ్మిషన్ల కాలంలో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. మా ఇంట్లోనూ వినిపించింది. అందువల్ల డిగ్రీ మొదటి ఏడాది నేను డే స్కాలర్‌గానే చదివాను, రెండో ఏడాది నుంచి క్యాంపస్‌లో ఉన్నాను. కాలేజీ మారలేదు, అధ్యాపకులు మారలేదు, పుస్తకాలూ మారలేదు. నేను రాత్రిపూట ఎక్కడ ఉంటున్నాను అన్నది ఒక్కటే మారింది. ఆ ఒక్క మార్పు నా చదువును ఎంతగా మార్చిందో చూసిన తరువాత, వీలున్న ప్రతి విద్యార్థీ కనీసం మొదటి ఏడాదైనా క్యాంపస్‌లో ఉండాలని గట్టిగా నమ్ముతున్నాను.

సమయం ఆదా అవుతుందని అందరూ చెబుతారు, అది నిజమే. రాకపోకలకు రోజుకు రెండు గంటలు పట్టేవారికి 200 పనిదినాల్లో 400 గంటలు దారిలోనే గడిచిపోతాయి. రోజుకు ఎనిమిది గంటల చదువు అనుకుంటే అది 50 రోజులతో సమానం. అయితే నాకు అంతకన్నా పెద్ద నష్టంగా అనిపించింది మరొకటి ఉంది. చివరి తరగతి అయ్యాక ఒక సందేహం అడుగుదామని అధ్యాపకుడి గది దగ్గరికి వెళ్తే, నా కంటే ముందు ఇద్దరు నిలబడి ఉన్నారంటే చాలు, బస్సు వేళ గుర్తొచ్చి వెనక్కి తిరిగేదాన్ని. ల్యాబ్‌లో ప్రయోగం సరిగా రాకపోతే మళ్లీ చేసి చూసే ఓపిక ఉన్నా తీరిక ఉండేది కాదు. సాయంత్రం జరిగే ప్రసంగాలు, నాటక సాధనలు, చర్చా బృందాలు నాకు నోటీసు బోర్డు మీది అక్షరాలుగానే మిగిలిపోయాయి.

హాస్టల్లో నాకు మెట్ల పక్క గది దొరికింది. అలికిడి ఎక్కువని మొదట్లో బాధపడ్డాను కానీ, పై అంతస్తుల సీనియర్లతో పరిచయం ఏర్పడింది ఆ మెట్ల వల్లనే. ఇది యాదృచ్ఛికం కాదని తరువాత తెలిసింది. లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ అనే పరిశోధకులు అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయంలో వివాహిత విద్యార్థుల నివాసాలను పరిశీలించి 1950లో ప్రచురించిన అధ్యయనంలో, స్నేహాలు ఎక్కువగా తలుపుకూ తలుపుకూ మధ్య దూరాన్ని బట్టి ఏర్పడుతున్నాయనీ, మెట్ల దగ్గర ఉండేవారికి ఇతర అంతస్తుల వారితో స్నేహాలు ఎక్కువనీ గుర్తించారు. రోజూ ఎదురుపడే మనిషితో, ఏ పనీ లేకుండానే, మాట కలుస్తుంది. ఆ మాటల్లోనే ఏ సబ్జెక్టుకు ఏ పుస్తకం చదవాలి, ప్రాజెక్టు కోసం ఏ అధ్యాపకుడిని ఎప్పుడు కలవాలి, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఏ కాగితాలు ముందుగా సిద్ధం చేసుకోవాలి వంటివన్నీ తెలుస్తాయి. ఇవి ఏ సిలబస్‌లోనూ ఉండవు. ఇంట్లో కాలేజీ చదువుకున్నవారు ఉంటే వాళ్లు చెబుతారు; కుటుంబంలో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కిన నా రూమ్మేట్‌కు మాత్రం ఇవన్నీ చెప్పింది పై అంతస్తులోని అక్కలే.

రూమ్మేట్‌తో మొదటి నెల సులువుగా గడవలేదు. ఆమె తెల్లవారుజామున లేచి చదివేది, నేను అర్ధరాత్రి దాటేవరకు దీపం ఆర్పేదాన్ని కాదు. ఇంట్లో అయితే అలిగి తలుపు వేసుకునేదాన్నేమో. అక్కడ ఉన్నది ఒకటే గది కాబట్టి కూర్చుని మాట్లాడుకుని ఒక వేళ పెట్టుకున్నాము. మరుసటి పరీక్షల నాటికి రాత్రి నాకు అర్థం కాని లెక్కను కాగితం మీద రాసి ఆమె బల్లపై పెడితే, నేను లేచేసరికి దాని కింద జవాబు ఉండేది. నాకు జ్వరం వచ్చిన రాత్రి వార్డెన్‌ను లేపి, నన్ను క్యాంపస్‌లోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఆమే.

హాస్టల్ అంటే డబ్బున్నవారి విలాసమన్న అభిప్రాయం నన్ను చాలా నొప్పిస్తుంది. పారిస్‌లో రాబర్ట్ డి సోర్బాన్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1257 ప్రాంతంలో కళాశాల నెలకొల్పింది పేద విద్యార్థులు ఒకచోట ఉండి క్రైస్తవ వేదాంతం చదువుకోవడానికే. తరువాత ప్రపంచమంతా సోర్బాన్ అని పిలుచుకున్న విద్యాసంస్థకు ఆ పేరు ఆయన నుంచే వచ్చింది. ఇంట్లో ప్రత్యేకంగా గది, బల్ల, నిశ్శబ్దం లేని పిల్లలకే క్యాంపస్ వసతి అందరికంటే ఎక్కువ అవసరం. అందుకే సీట్లు తక్కువగా ఉన్న చోట వాటిని మార్కుల వరుసలో పంచడం నాకు అన్యాయంగా తోస్తుంది. దూరం నుంచి వచ్చేవారికీ, తమ ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవారికీ, అందులోనూ మొదటి ఏడాది విద్యార్థులకూ ముందు ఇవ్వాలి. కొత్తచోట బెదిరి చదువు మానేసే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ ఏడాదిలోనే. విద్యార్థి కాలేజీ జీవితంలో ఎంతగా మమేకమైతే అంతగా నేర్చుకుంటాడని 1984లో ప్రతిపాదించిన అమెరికా విద్యా పరిశోధకుడు అలెగ్జాండర్ ఆస్టిన్ కూడా, చదువు మధ్యలో ఆపేయకుండా నిలబడటానికి క్యాంపస్ నివాసం తోడ్పడుతుందని చెప్పాడు.

ఇబ్బందులు లేవని అనను. నిద్ర తగ్గుతుంది, ఏకాంతం దొరకదు, చుట్టూ అందరూ ఉన్నా దిగులు కమ్ముకునే రోజులు ఉంటాయి. వేధింపులను ఉపేక్షించే హాస్టల్‌కు ఏ తల్లిదండ్రులూ బిడ్డను పంపనక్కరలేదు. ఇంట్లో పెద్దవారిని చూసుకోవలసినవారికీ, ఖర్చు నిజంగా భరించలేనివారికీ నా మాట వర్తించదు. వారి కోసం కాలేజీలు సాయంత్రాలు కూడా లైబ్రరీ, ల్యాబ్ తెరిచి ఉంచాలి, రాత్రి ఆలస్యమైతే ఉండటానికి ఒక గదైనా కేటాయించాలి.

ఈ ఏడాది పిల్లలను కాలేజీలో చేర్చబోయే తల్లిదండ్రులను నేను కోరేది ఒక్కటే. పగలు ఆఫీసులో ఫీజుల వివరాలు కనుక్కుని తిరిగి రాకండి. అనుమతి తీసుకుని సాయంత్రం వరకు ఆగండి, తరగతులు అయిపోయాక లైబ్రరీలోనూ, మైదానంలోనూ, హాస్టల్ వరండాలోనూ పిల్లలు ఏం చేస్తున్నారో చూడండి, అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. దరఖాస్తులో హాస్టల్ గడిని ఆ తరువాత నింపండి.