గైడు గారి జెండాకు ఓరుగల్లు నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ జెండా గారికి,

హన్మకొండ నుంచి నమస్కారాలు. క్రొయేషియా తీరంలో, ఆడ్రియాటిక్ దీవుల్లో మీ వెనక నడిచిన రిటైర్డ్ ఉద్యోగుల బృందంలో నేనూ ఒకణ్ని. మీకు గుర్తుండకపోవచ్చు. మీరు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు కదా.

మిమ్మల్ని మాత్రం మేం మరిచిపోలేం. మడత విప్పితే బారెడు పొడవయ్యే స్టీలు కర్ర, దాని కొసన నారింజ రంగు గుడ్డ. మేడారం జాతరలో మనవాళ్లు తప్పిపోకుండా గుడారం మీద కట్టెకు చీర ముక్క కడతారే, అచ్చం అట్లాగే ఉంటారు మీరు. కాకపోతే ఆ చీర ముక్క ఉన్నచోటే ఉంటుంది, జనం జాతరంతా తిరిగొస్తారు. ఇక్కడ మీరే తిరిగారు. మేం మిమ్మల్ని చూశాం. "వదినా, సముద్రం తర్వాత చూద్దువు గని, ముందు జెండ యాడున్నదో చూడు" అనే మాట ఆ తీరమంతా మారుమోగింది.

స్ప్లిట్ ఊళ్లోని కోటతో మొదలుపెడదాం. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 305లో సింహాసనం వదిలేసి, హాయిగా కాలం గడపడానికి కట్టించుకున్న కోట అది. మళ్లీ వచ్చి రాజ్యమేలమంటే, నా తోటలో క్యాబేజీలు చూస్తే ఆ మాట అనరన్నాడని చెబుతారు. అంటే ఆయనా రిటైర్డే. పెన్షన్ మీద బతికేవాళ్లు కాసేపు కూర్చుని ముచ్చటించుకోదగ్గ చోటు. మీరు అరగంట ఇచ్చారు, అందులో సగం బాత్రూమ్ క్యూకే పోయింది.

డుబ్రోవ్నిక్‌లో మీ ప్రతాపం పూర్తిగా చూశాం. ఒకప్పుడు రగూసా అనే పేరుతో ఓడల వ్యాపారం మీద బతికిన చిన్న రిపబ్లిక్ అది. 1808లో నెపోలియన్ మనుషులు రద్దు చేసేదాకా వెనిస్ పక్కనే తలెత్తుకుని నిలబడింది. 1377లో ఆ ఊరివాళ్లు ఒక చట్టం చేశారు. ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు దగ్గరి దీవుల్లోనో, పక్కనున్న త్సావ్తాత్ ఊళ్లోనో నెల రోజులు ఆగాకే ఊళ్లోకి రావాలి. నెల రోజులు! వాళ్లు లోపలికి రానివ్వడానికి తీసుకున్న గడువు చూడండి, మీరు బయటికి తోలడానికి తీసుకున్న గడువు చూడండి. ఊరి చుట్టూ 1,940 మీటర్ల గోడ, దాని మీద ఒకే దిక్కుకు నడవాలని నియమం, పైన నడినెత్తిన ఎండ. చెవిలో రేడియో పెట్టుకున్న మేం, ముందు మీరు. గోడకు ఒక పక్క సముద్రం ఉందట.

కింద స్ట్రాదున్ వీధిలో మీ బంధువులు చాలామందే తగిలారు. పసుపు జెండా, ఎర్ర గొడుగు, కర్రకు కట్టిన టెడ్డీబేర్. వాళ్లలో ఇంకో నారింజ గుడ్డ కూడా ఉంది. జగిత్యాలలో మెడికల్ షాపు నడిపిన మా పెద్దాయన దాని వెంట వెళ్లిపోయారు. ఇక చూడండి టెన్షన్! ఫోన్లు, అరుపులు, ఆయన భార్య కళ్లనీళ్లు. చివరికి ఫ్రాన్సిస్కన్ మఠంలో 1317లో పెట్టిన మందుల దుకాణంలో దొరికారు. పాత జాడీల ముందు, కొత్త పిల్లాడు పనిలో చేరినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారట. బస్సెక్కాక అందరం తలా ఒక మాట అన్నాం. మా అందరిలో ఊరు చూసింది ఆయనొక్కడే.

స్టోన్ అనే ఊళ్లో ఉప్పు మడులు, వాటిని కాపాడటానికి కట్టిన గోడలు బస్సు కిటికీలోంచే దాటాయి. రాత్రి 'ఇండియన్ డిన్నర్' బుక్ చేశారు కదా, ఆగితే పనీర్ చల్లారుతుంది. ఆల్చిప్పలకు పేరున్న తీరంలో మేం జీరా రైస్‌లో మామిడికాయ తొక్కు కలుపుకున్నాం. తొక్కును ఏమీ అనను, ఆ టూర్‌లో నిజాయితీగా పనిచేసింది అదొక్కటే.

నా అసలు ఫిర్యాదు కోర్చులా దీవి గురించి. దేశాలు తిరిగిన యాత్రికుడు మార్కోపోలో ఇక్కడే పుట్టాడని ఆ ఊరివాళ్లు ఒక ఇల్లు చూపిస్తారు. వెనిస్‌వాళ్లు ఒప్పుకోరు, అది వాళ్ల తగాదా. 1298లో ఆ దీవి దగ్గరే ఇటలీలోని జెనోవావాళ్లు వెనిస్ నౌకల్ని ఓడించారు. మార్కోపోలో అప్పుడే చిక్కాడంటారు. జెనోవా జైల్లో కూర్చుని చెప్పిన కబుర్లలో మా మోటుపల్లి రేవు ఉంది, సాలెగూడంత సన్నని బట్టలున్నాయి, మా రుద్రమదేవి ఉంది. రాజు పోయాక రాజ్యమేలిన ఆయన భార్య అన్నాడు పాపం. ఆమె గణపతిదేవుడి కూతురు. మార్కోపోలోకూ ఎవరో గైడు దొరికి ఉంటాడు.

ఓరుగల్లు మనుషులం ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాం జెండా గారూ! ఆ ముక్క మా వదినకు చెప్పబోయేలోపు మీరు సందు తిరిగారు. మా ఇద్దరికీ ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాలు మిగిలాయి.

గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సొత్తును రాజులే లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ల సొమ్ము మాకొద్దు, ముప్పైలో ఒక వంతు సుంకం చాలు అన్నాడాయన. మీరూ మాకు అభయమిచ్చారు, కాదనను. తప్పిపోలేదు, మోసపోలేదు, ఆకలితో పడుకోలేదు. కానీ మీ సుంకం లెక్క తిరగబడింది. ముప్పైలో ఇరవై తొమ్మిది వంతుల పొద్దు మీరే పట్టుకుపోయారు.

కాబట్టి విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది గ్రీసు దీవులని మెసేజ్ వచ్చింది. రోజుకో పూట మిమ్మల్ని మడిచి గైడు గారి సంచిలో పెట్టించండి. జగిత్యాల పెద్దాయన కూడా వస్తున్నారు. ఈసారి మీరు ఏ రంగులో వస్తారో ముందే కనుక్కోమన్నారు, తప్పించుకోవడానికి.

ఇట్లు,
మీ వరసలో చివరి మనిషి,
హన్మకొండ