పార్క్ చేసినప్పుడు నడిచిందండీ

మూడే మూడు మాటల్లో ఇంత కావ్యం ఇమిడ్చినవాడు మన పూర్వకవుల్లో కూడా లేడు. "రాన్ వెన్ పార్క్‌డ్." అమెరికాలో పాత కార్లు అమ్మేవాళ్ళు ప్రకటన చివర తప్పకుండా రాసే వాక్యమిది. బడిలో మనచేత పద్యాలకి ప్రతిపదార్థం, తాత్పర్యం రాయించేవారు కదా, అదే పద్ధతిలో విడగొట్టి చూద్దాం. రాన్ = నడిచెను. వెన్ = ఎప్పుడనగా. పార్క్‌డ్ = నిలిపినప్పుడు. తాత్పర్యం: ఓ కొనుగోలుదారుడా! పెద్ద బుష్ గారు దేశాన్ని ఏలుతుండగా ఒకనాటి సాయంత్రం ఈ కారు తన చక్రాలమీద తానే ఈ చెట్టు కిందికి వచ్చినది. అటుపిమ్మట జరిగినదానికి కవి బాధ్యుడు కాడు.

ఎందుకు నిలిపారన్నది ఏ ప్రకటనలోనూ ఉండదు. అడగడం మర్యాద కూడా కాదు. పోయినవాళ్ళంతా పోయేదాకా బతికే ఉన్నారుగా, అదీ అంతే.

ఈ వ్యాసం నా తరఫు వాంగ్మూలం. మా ఇంట్లో, మా కాలనీ సంఘంలో, ఆదివారం భోజనాలకి వచ్చే స్నేహితుల్లో నామీద రకరకాల అభియోగాలున్నాయి. అన్నిటికీ కలిపి ఒకేసారి జవాబిస్తున్నాను.

నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి పడమటి శివార్లలో. పగలు ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. పొగ రాదు, చప్పుడుండదు, రాత్రి పడుకుని లేచేసరికి తమంతట తామే అప్‌డేట్ అయి కూర్చుంటాయి. ఈ పాపానికి ప్రాయశ్చిత్తంగా రెండేళ్ళ క్రితం 1969 నాటి పాంటియాక్ జీటీవో ఒకటి తొమ్మిదివేల డాలర్లకి కొన్నాను. కొన్నాను అనకూడదు. ఉద్ధరించాను.

జీటీవో మామూలు కారు కాదు. దాని పుట్టుక మన సచివాలయంలో పనిచేసినవాళ్ళకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అరవైల్లో జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది: మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకి మించిన ఇంజిన్ పెట్టకూడదని. ఆ కంపెనీలోని పాంటియాక్ విభాగానికి చీఫ్ ఇంజనీర్ జాన్ డిలోరియన్, ఆయన మనుషులు దీన్ని తు.చ. తప్పకుండా పాటించారు. 1964లో టెంపెస్ట్ అనే బుద్ధిమంతుడైన కారుని పద్ధతిగానే తెచ్చి, కింద ఒక 'ఆప్షన్' రాశారు. సుమారు 295 డాలర్లు అదనంగా కడితే 389 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ పెట్టిస్తాం అని. నియమం కార్లకి గానీ ఆప్షన్లకి కాదుగా! ఏ జీవోకైనా ఇంతకన్నా పద్ధతిగా తూట్లు పొడిచినవాడు ఉంటే చెప్పండి. ఐదువేలు పోతే గొప్పనుకున్నారు, తొలి ఏడే 32,450 పోయాయి. పేరు కూడా ఫెరారీ వాళ్ళది ఎత్తుకొచ్చి పెట్టుకున్నదే.

ఇంకేముంది, ఊరంతా అదే పని. 1970కల్లా షెవర్లే వాళ్ళు షెవెల్ అనే కారులో 454 ఘనపు అంగుళాల ఇంజిన్ పెట్టి 450 గుర్రాలన్నారు. తొమ్మిది మారుతీ 800ల ఇంజిన్లు పక్కపక్కన పేర్చినా ఆ ఘనపు అంగుళాలకి కాస్త వెలితే. తర్వాత బీమా కంపెనీలు కళ్ళజోడు పెట్టుకుని లెక్కలు చూసుకున్నాయి, పొగమీద చట్టాలొచ్చాయి, 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. ఆ గుర్రాలన్నీ ఒక్కొక్కటే కొట్టాల్లోకి, చెట్ల కిందికి చేరాయి. నా గుర్రం మేపుల్ చెట్టు కింద దొరికింది. వెనకాల నంబరు ప్లేటు మీద 1992 స్టిక్కరు ఇంకా ఉంది.

అమ్మిన పెద్దాయన గురించి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ దారిన పోయేవాళ్ళలో ఎవరడిగినా ఆయనది ఒకటే జవాబట: "అమ్మను. వచ్చే వేసవికి బాగుచేస్తున్నా." చివరికి ఇల్లే అమ్మేస్తున్నారు గనక కారు కదలక తప్పలేదు. డబ్బు లెక్కపెట్టుకుంటున్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. కిటికీలోంచి చూస్తున్న ఆయన భార్య ముఖం మాత్రం దీపావళి నాడు మతాబాలా వెలిగిపోతోంది. ఇదేదో శుభశకునం అనుకున్నాను.

పాత కారు కొనేముందు చూడాల్సిన మొదటి సంగతి నంబరు, ప్లేటు మీది కాదు, ఫ్యాక్టరీలో బాడీకి కొట్టింది. అప్పటి పాంటియాక్‌లలో జీటీవో అయితే ఆ నంబరు 242తో మొదలవుతుంది. 1968 నుంచీ దాన్ని డ్రైవరు వైపు డాష్‌బోర్డు మీద, అద్దంలోంచి కనపడేలా ఒక చిన్న రేకు మీద కొడతారు. చూడ్డానికి పానా అక్కర్లేదు, జాకీ అక్కర్లేదు, తడిగుడ్డ ఒకటి చాలు. నేను డబ్బిచ్చి, కారుని లారీ మీద ఇంటికి తెచ్చి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు తుడిచాను. 237379 అని ఉంది. 237 అంటే లెమాన్స్. అదే ఒళ్ళు, అదే పొడుగు, జీటీవోకి బుద్ధిమంతుడైన తమ్ముడు. మధ్యలో ఎవరో జీటీవో అక్షరాలు కొని అతికించారన్నమాట. నేతిబీరలో నెయ్యి ఎంతో మా జీటీవోలో జీటీవో అంత.

ఇక్కడ ఒక ఊరట కూడా ఉంది. పాత కార్ల మారకంలో 'నంబర్స్ మ్యాచింగ్' అనేది పెళ్ళి సంబంధాల్లో జాతక పొంతన లాంటిది. ఇంజిన్ మీద కొట్టిన అంకెలు బాడీ నంబరుతో కలిస్తే పుట్టినప్పటి ఇంజినే అని అర్థం, ధర రెండు మెట్లు ఎక్కుతుంది. పళ్ళు తోముకునే బ్రష్షుతో ఇంజిన్‌కి పట్టిన జిడ్డు గీకి చూశాను. కలిశాయి! అచ్చంగా కలిశాయి. వధూవరులిద్దరూ లెమాన్స్ వాళ్ళే.

రెండో పరీక్ష తుప్పుది. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకి పైగా లోతున ఉప్పు గని ఉంది. పైన కార్లు చేస్తారు, కింద ఉప్పు తవ్వుతారు, చలికాలం మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు పైన చేసిన కార్లని తింటుంది. ఇంత స్వయంసమృద్ధి ఉన్న ఊరు ప్రపంచంలో ఇంకోటి ఉంటుందనుకోను. తుప్పుని మక్కు పెట్టి కప్పేశారో లేదో తెలియాలంటే అయస్కాంతం ఆనించి చూడాలి. ఇనుమైతే అంటుకుంటుంది, మక్కయితే జారిపోతుంది. ఇంట్లో వేరే అయస్కాంతం లేక ఫ్రిజ్ మీదున్న తిరుపతి వెంకన్నని తెచ్చాను. డ్రైవరు తలుపు దగ్గర స్వామి నిలిచాడు. వెనక చక్రం పైన జారిపోయాడు. అవతలి వైపూ జారాడు. డిక్కీ మూత కింద అంచున పెడితే రేకుతో సహా ఊడి వచ్చాడు. కాళ్ళ కింద తివాచీ ఎత్తాను. మా వాకిట్లో సిమెంటు మీద చీమల బారు చక్కగా కనపడింది.

ఆ వేసవికి మా మామగారు తెనాలి నుంచి వచ్చారు. ఆర్టీసీ డిపో వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి. కారు చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని రెండుసార్లు తిరిగారు. వెనక రెక్కని వేలి కణుపుతో కొట్టి విన్నారు. బానెట్ ఎత్తించి చూశారు. ఆయన ముఖంలో ఏమీ తెలియలేదు. చివరికి నెమ్మదిగా అడిగారు, "పట్టుకెళ్ళినందుకు మీకేమిచ్చాడండీ అల్లుడుగారూ?"

నేనే తొమ్మిదివేలిచ్చానని చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది. డాలర్లని కూడా చెప్పింది.

పూజ సంగతి చెప్పి ముందుకెళ్తాను. మన పద్ధతి ప్రకారం నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కారుని తొక్కించాలి. దగ్గర్లోని నోవై ఊరి గుడికి తీసుకెళ్ళే స్థితిలో లేదు గనక ఇంటి దగ్గరే కానిచ్చాం. నలుగురం నెట్టాం, ఆరుగురం నెట్టాం. డ్రమ్ముల్లో బ్రేకు షూలు తుప్పుకి కరుచుకుపోయి పదహారువందల కిలోల బండి గోరంత జరగలేదు. ఈ దేశంలో పనికిరాని కారుని 'లెమన్' అంటారు. కొత్తకారు అలాంటిది అంటగడితే కోర్టుకెక్కడానికి లెమన్ చట్టాలు కూడా ఉన్నాయి. ఆ లెక్కన ఆ ఉదయం మా వాకిట్లో ఐదు నిమ్మకాయలున్నాయి, నాలుగు చిన్నవీ ఒకటి పెద్దదీ. పెద్దదాని పేరులోనే ఆ మాట ఉంది, నేనే సరిగ్గా చదువుకోలేదు. చిన్నవాటితో మర్నాడు పులిహోర కలిపారు.

ఇక పోషణ. ఏళ్ళ తరబడి పడున్న కారు విషయంలో పెద్దలు చెప్పే మొదటి సూత్రం, స్టార్ట్ చెయ్యొద్దని. బ్యాటరీ తెచ్చి తాళం తిప్పామా, ఎండిపోయిన సిలిండర్లలో తుప్పు పట్టిన రింగులు గీరుకుని ఉన్నది కాస్తా పోతుంది. ప్లగ్గులు విప్పి ఎనిమిది సిలిండర్లలోనూ చెంచాడేసి నూనె పోసి, రెండు మూడు రోజులు నాననిచ్చి, పొడుగు పిడి పానాతో చేత్తో తిప్పాలి. తిరిగితే అదృష్టం, తిరక్కపోతే ఇంజిన్ పట్టేసినట్టు. పెట్రోలు టాంకు దింపి కడగాలి. పాత పెట్రోలు వార్నిష్‌లా గట్టిపడి పైపులూ కార్బురేటరూ మూసేస్తుంది, వాసన నాలుగు ఇళ్ళ అవతలికి పోతుంది. రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి. ఇప్పటి పెట్రోల్లో కలిపే పది శాతం ఇథనాల్ ఆనాటి రబ్బరుని జీళ్ళపాకంలా మెత్తబరుస్తుంది. ఇంజిన్ నూనెలో జింకు ఎక్కువుండాలి, లేకపోతే ఈ పాత ఇంజిన్లలో కామ్‌షాఫ్ట్ అరిగి కూర్చుంటుంది. ఒకప్పుడు పెట్రోల్లో సీసం ఉండేది, వాల్వులు కూర్చునేచోటికి అదే రక్ష. ఇప్పుడు అదీ లేదు.

ఇదంతా నాకు క్షుణ్ణంగా తెలుసు. అర్ధరాత్రి రెండింటిదాకా మేలుకుని వీడియోలు చూసి నేర్చుకున్నదే. చేసిందేమిటంటే ప్లగ్గులు విప్పడం మొదలుపెట్టాను. ఆరు వచ్చాయి. ఏడోది సగం నా చేతికి, సగం ఇంజిన్‌కి అన్నదమ్ముల పంపకంలా వచ్చింది. అక్కడ ఆపి ఎయిర్ క్లీనర్ మూత ఎత్తాను. కొండని తవ్వి ఎలకని పట్టారంటారు, నాకు కొండ తవ్వే పని కూడా లేకపోయింది. సీటు దూది, మేపుల్ ఆకులు, ఓనర్స్ మాన్యువల్లో టైర్లలో గాలి గురించిన పేజీలు వేసి చక్కని పొదరిల్లు కట్టుకున్నాయి. కారుని నిజంగా వాడుకున్నవాళ్ళు ఈ ముప్పై ఏళ్ళలో ఆ కుటుంబం ఒక్కటే. నేను ఖాళీ చేయించాను.

అప్పటినుంచీ నాకొక సందేహం పట్టుకుంది. లోకం దీన్ని సరిగ్గా ఆలోచించలేదనే నా ఫిర్యాదు. ముప్పై ఒక్క ఏళ్ళలో పెద్దాయన ఆ కారు మీద ఒక్క డాలరు పెట్టలేదు. కారులో ప్రతి మేకూ ఉండాల్సినచోట ఉంది, నేల తప్ప. నేను రెండేళ్ళలో కొన్నధరకి పైన ఇంకో ఆరువేలు పోశాను. ఇప్పుడు ఆ కారు నలభై ఒక్క అట్టపెట్టెల్లో ఉంది. పదమూడింటికి పేర్లు రాశాను, మిగతావి 'ముఖ్యం' అని ఉన్నాయి. వీటిలో దేన్ని నిర్లక్ష్యం అనాలి, దేన్ని సంరక్షణ అనాలి? చెట్టు కింద వదిలెయ్యడానికి కూడా ఒక నిగ్రహం కావాలండీ. పెద్దాయనకి అది ఉంది, నాకు లేదు. కొత్త డిక్కీ నేల రేకు తెప్పించాను, దాచుకోడానికి చోటు లేక డిక్కీలోనే పెడదామంటే అక్కడ నేల లేదు.

కాలనీ సంఘం వాళ్ళు 'నడవని వాహనం' అని రెండు ఉత్తరాలు రాశారు. నడిచిందని జవాబు రాశాను, ఎప్పుడన్నది రాయలేదు.

వీటన్నిటి మధ్యా మిషిగన్ ప్రభుత్వం ఒక్కటే నన్ను అర్థం చేసుకుంది. పాతికేళ్ళు దాటిన కారుకి ఇక్కడ 'హిస్టారిక్' ప్లేటు ఇస్తారు. ఆ ప్లేటుతో కారుని ప్రదర్శనలకీ ఊరేగింపులకీ తీసుకెళ్ళొచ్చు గానీ కూరగాయలకీ ఆఫీసుకీ పోకూడదు. ఒక్క ఆగస్టు నెల మాత్రం మినహాయింపు, ఎక్కడికైనా తోలుకోవచ్చు. చట్టం రాసినవాళ్ళు పంచాంగం చూసి రాశారో లేదో గానీ మాకు శ్రావణమాసం కూడా ఇంచుమించు అప్పుడే వస్తుంది. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల జాతర. 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి చందాల కోసం మొదలుపెట్టారు, ఇప్పుడు పాంటియాక్ ఊరిదాకా ఇసకేస్తే రాలనంత కార్లు. నా కారు పుట్టిందీ ఆ పాంటియాక్ ఊళ్ళోనే, నంబరులో 'పీ' అక్షరం ఉంది. పుట్టింటికి ముప్పై మైళ్ళ లోపే ఉండి పసుపుకుంకాలకైనా పోలేని ఆడపడుచు అది.

ఈ ఏడు జాతరకి మా ఆవిడ టొయోటాలో వెళ్ళాం. రోడ్డు పక్క కుర్చీ వేసుకుని, దాటిపోయే ప్రతి జీటీవోకీ ఇది అసలుది కాదని పిల్లలకి చెప్పాను.

నిన్న సాయంత్రం నోవై నుంచి ఒక కరీంనగర్ కుర్రాడు వచ్చాడు. గ్యారేజీ తలుపు సందులోంచి టార్పాలిన్ అంచు కనపడిందట. "అన్నా, గది జీటీవోనా? అమ్ముతవా?" అన్నాడు. నా వెనక కిటికీలోంచి మా ఆవిడ అతనికేసి రెండు చేతులూ ఊపుతోందని తర్వాత తెలిసింది. వచ్చే వేసవికి బాగుచేస్తున్నానని చెప్పి పంపించాను.

ఇవాళ ఆగస్టు 28. తోలుకోడానికి చట్టప్రకారం ఈ రోజుతో కలిపి ఇంకా నాలుగు రోజులుంది. కార్బురేటర్ కిట్ సెప్టెంబరు 2న అందుతుందని ఇందాకే ఫోన్‌కి సందేశం వచ్చింది.